రాకబిల్లీలో కుడి బొటనవేలి పని

గిటార్ శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు రాకబిల్లీ కార్డుల (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా వేళ్లు పెట్టే పట్టుల) గురించే ఉన్నాయి. 1950ల నడుమ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారి బ్లూస్, తెల్లవారి కంట్రీ సంగీతం కలిసి పుట్టిన ఈ బాణీ మీద మన పాఠకులకు ఇంత మక్కువ ఉండడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఒకరికి చెప్పిన జవాబు మరొకరికి పనికివచ్చేలా ఉంది కనుక నాలుగింటినీ ఒకేచోట ఇస్తున్నాను. తీగల లెక్కలో అన్నిటికంటే మందమైనది ఆరవది, అన్నిటికంటే సన్ననిది మొదటిది అని గుర్తుంచుకోండి.

ప్రశ్న: రెండేళ్లుగా గిటార్ నేర్చుకుంటున్నాను. సినిమా పాటలకు ఓపెన్ కార్డులు, బార్ కార్డులు పట్టి వాయించగలను. ఈమధ్య ఎల్విస్ ప్రెస్లీ తొలినాటి పాటలు, కార్ల్ పెర్కిన్స్ పాటలు విని వాటి మీద మనసుపడ్డాను. చాలా పాటల్లో ఉన్నవి మూడే కార్డులని తెలిసి తేలికే అనుకున్నాను. కార్డులు సరిగ్గానే పడుతున్నాయి గానీ, పైకీ కిందికీ స్ట్రమ్ చేస్తే సినిమా పాటలాగే వినిపిస్తోంది. ఆ ఊపు రావడం లేదు. నాకు తెలియని కార్డులు ఇంకేమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉన్నాయి, వాటి సంగతి కాసేపట్లో చెబుతాను. అయితే మీరు వెతుకుతున్న ఊపు మాత్రం కొత్త కార్డుల వల్ల రాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఒక రాత్రి గురించి చెప్పాలి.

1954 జూలై 5న మెంఫిస్ నగరంలో, యూనియన్ అవెన్యూలో శామ్ ఫిలిప్స్ నడుపుతున్న చిన్న స్టూడియోలో ముగ్గురు మనుషులు ఆర్థర్ క్రూడప్ అనే బ్లూస్ గాయకుడి ‘దట్స్ ఆల్ రైట్’ పాటను రికార్డు చేశారు. పాడుతూ అకూస్టిక్ గిటార్ వాయించినవాడు ఎల్విస్ ప్రెస్లీ, ఎలక్ట్రిక్ గిటార్ స్కాటీ మూర్‌ది, నిలువెత్తు డబుల్ బేస్ బిల్ బ్లాక్‌ది. ఆ గదిలో డ్రమ్స్ లేవు. కనుక డ్రమ్మర్ చేయవలసిన పనిని ముగ్గురూ పంచుకున్నారు. బిల్ బ్లాక్ బేస్ తీగను బయటికి లాగి వదిలితే అది చెక్క మీద ‘టక్’మని కొట్టుకునేది, ఎల్విస్ తెరిపి లేకుండా స్ట్రమ్ చేసేవాడు, స్కాటీ మూర్ మాత్రం మెర్ల్ ట్రావిస్, చెట్ ఆట్కిన్స్ వంటి కంట్రీ గిటార్ పెద్దల వరసను అనుసరించి, బొటనవేలితో మందపు తీగల మీద దరువు నడుపుతూ మిగిలిన వేళ్లతో సన్నని తీగల మీద మాటలు పలికించాడు. మీ చేతిలో లోపించినది ఈ దరువే.

వీణ వాయించేవారిని మీరు దగ్గరగా చూసి ఉంటే ఇది కొత్తగా అనిపించదు. చూపుడు, మధ్య వేళ్లు ప్రధాన తీగల మీద కీర్తన నడుపుతుండగా, చిటికెన వేలు పక్కనున్న తాళపు తీగలను మీటుతూ లెక్క చూపిస్తుంది. గిటార్‌లో ఆ చిటికెన వేలి బాధ్యత బొటనవేలిది.

ఇక సాధన విషయానికి వస్తే, ముందుగా మామూలు ఓపెన్ ‘ఇ’ కార్డ్ పట్టుకోండి. కుడి చేతి బొటనవేలితో, ఉంటే దానికి తొడిగే థంబ్ పిక్‌తో, ఆరవ తీగ, నాలుగవ తీగ, మళ్లీ ఆరవ తీగ, మళ్లీ నాలుగవ తీగ మీటండి. నాలుగు బీట్ల ఒక చుట్టును బార్ అంటారు, ఆ నాలుగు బీట్లు ఇవే. అరచేతి అంచు తీగలు బ్రిడ్జి దాటే చోట ఆని ఉండాలి. నేను నేర్చుకునే రోజుల్లో అసలు చిక్కంతా ఈ ఒక్క చోటే వచ్చింది. చెయ్యి ఒక వేలెడు ముందుకు జరిగితే స్వరం చచ్చిపోయి చెక్కను తట్టినట్టు వినిపించేది, బ్రిడ్జి మీదికి పూర్తిగా వెనక్కి జరిగితే తీగ గంటలా మోగేది. ఈ రెంటికీ నడుమ, స్వరం గుర్తుపట్టగలిగేలా ఉంటూనే వెంటనే ఆగిపోయే చోటు ఒకటి ఉంది. డోలు మీద ఒక అరచెయ్యి ఆన్చి రెండో చేత్తో కొడితే వచ్చే నాదం వంటిది మీ చెవికి తగిలేదాకా చేతిని కొద్దికొద్దిగా జరుపుతూ వెతకండి. లయ చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 80 బీట్లకు పెట్టి, ఒక వారం పాటు వేరే ఏ వేలినీ కదపకుండా ఈ బొటనవేలి నడకనే సాధన చేయండి.

రెండో వారంలో చూపుడు వేలిని కలపండి. మొదట బొటనవేలితో పాటు అదే క్షణంలో మొదటి తీగను గిల్లాలి. అది కుదిరాక, రెండు బొటనవేలి దెబ్బల మధ్య ఖాళీలో రెండో తీగను మీటాలి. బొటనవేలు తడబడితే చూపుడు వేలిని ఆపండి గానీ బొటనవేలిని ఆపకండి. దరువు నిలిచినంతసేపు పైన ఒకటి రెండు స్వరాలు జారినా పాట కూలిపోదు.

ఇప్పుడు కార్డుల సంగతి. ‘ఇ’ కార్డ్ పట్టుకుంటే చిటికెన వేలు ఖాళీగా ఉంటుంది. దాన్ని రెండో తీగ మీద రెండో ఫ్రెట్‌లో (మెడ మీది మెట్టులో) పెడితే ‘ఇ6’ అవుతుంది, మూడో ఫ్రెట్‌కు జరిపితే ‘ఇ7’ అవుతుంది. ఒక బార్ ‘ఇ’, ఒక బార్ ‘ఇ6’, ఒక బార్ ‘ఇ7’, తిరిగి ‘ఇ6’ అంటూ బొటనవేలి దరువు మీద నడిపించి చూడండి. ఒకే కార్డ్ పట్టుకుని ఉన్నా లోపల ఒక చిన్న రాగం ఎక్కి దిగుతున్నట్టు వినిపిస్తుంది. ‘ఎ’ దగ్గర పని ఇంకా సులువు: చూపుడు వేలిని రెండో ఫ్రెట్‌లో నాలుగు సన్నని తీగల మీద అడ్డంగా పరిస్తే ‘ఎ6’ దానంతట అదే వస్తుంది, మొదటి తీగ మీద మూడో ఫ్రెట్‌లో మరో వేలు పెడితే ‘ఎ7’ అవుతుంది. అక్కడ బొటనవేలు అయిదవ, నాలుగవ తీగల మధ్య తిరగాలి. మూడవది ‘బి7’, బొటనవేలి దారి దానికీ అదే.

ఈ మూడింటినీ పన్నెండు బార్ల బ్లూస్ చట్రంలో పెట్టండి. నాలుగు బార్లు ‘ఇ’, రెండు ‘ఎ’, మళ్లీ రెండు ‘ఇ’, ఒకటి ‘బి7’, ఒకటి ‘ఎ’, చివరి రెండు ‘ఇ’. రాకబిల్లీ పాటల్లో పెద్ద భాగం ఈ చట్రం మీదో, దీన్ని కాస్త పొడిగించిన, కుదించిన రూపాల మీదో నడుస్తుంది. ‘ఎ’ శ్రుతిలో వాయించాలనుకుంటే ‘ఎ’, ‘డి’, ‘ఇ’ కార్డులను ఇదే వరసలో పెట్టుకోండి.

ప్రశ్న: నా చేతులు చిన్నవి. రాకబిల్లీ గిటారిస్టులు ఎడమ బొటనవేలిని మెడ మీదుగా ముందుకు తెచ్చి ఆరవ తీగను నొక్కడం వీడియోల్లో చూశాను. బొటనవేలు మెడ వెనకే ఉండాలని మా మాస్టారు చెప్పారు. ఏది సరైనది? అలా పట్టలేనివారు ఈ బాణీ నేర్చుకోలేరా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ మాస్టారు చెప్పినది తప్పు కాదు. క్లాసికల్ పద్ధతిలో బొటనవేలు వెనక ఉంటేనే మిగిలిన నాలుగు వేళ్లూ దూరంగా చాపడానికి వీలవుతుంది. మెర్ల్ ట్రావిస్ వంటి వారు మరో అవసరం కోసం దాన్ని ముందుకు తెచ్చారు. బార్ కార్డ్‌లో (ఈ బార్ లయ లెక్కలోది కాదు) చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడి కట్టుబడిపోతుంది. ఆరవ తీగను బొటనవేలికి అప్పగిస్తే చూపుడు వేలికి కొంత స్వేచ్ఛ దొరికి, చిటికెన వేలితో పైన రాగం పలికించడం తేలికవుతుంది.

పట్టు కుదరకపోతే బలవంతం చేయకండి. మణికట్టు నొప్పి తెచ్చుకోవడం మంచిది కాదు. ముందుగా మీ గిటార్ ఏ రకానిదో చూసుకోండి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మెడ నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర సుమారు 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, ఎలక్ట్రిక్ గిటార్ మెడ 43 మిల్లీమీటర్ల దాపున ఉంటుంది. ఆ తేడా చిన్న చేతికి చాలా పెద్దది. ఏ గిటార్ అయినా, పైన చెప్పిన ‘ఇ’, ‘ఎ’ శ్రుతుల్లో ఓపెన్ తీగలే బేస్ ఇస్తాయి కనుక ఎడమ బొటనవేలి అవసరమే రాదు. మెడ మధ్యభాగంలో కార్డ్ కావలసినచోట ఆరవ తీగను పూర్తిగా వదిలేసే 9 కార్డ్ పట్టండి (ఈ అంకెల అర్థం తర్వాతి జవాబులో ఉంది). ‘ఇ9’ కోసం అయిదవ తీగ ఏడో ఫ్రెట్‌లో, నాలుగవ తీగ ఆరో ఫ్రెట్‌లో, మిగిలిన మూడు సన్నని తీగలూ ఏడో ఫ్రెట్‌లో నొక్కాలి. ఇదే ఆకారాన్ని రెండు ఫ్రెట్లు కిందికి, అంటే నట్ వైపు, జరిపితే ‘డి9’. ఒక ఫ్రెట్ పైనో కిందో మొదలుపెట్టి అసలు చోటికి జార్చితే వచ్చే విరుపు ఈ బాణీకి పెట్టింది పేరు.

ప్రశ్న: కర్ణాటక సంగీతంలో వయొలిన్ నేర్చుకుని, ఇప్పుడు గిటార్ పట్టుకున్నాను. కార్డ్ పేర్ల పక్కన ఉండే 6, 7, 9 అంకెలు గందరగోళంగా ఉన్నాయి. మన స్వరాల పేర్లతో వివరించగలరా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పకుండా. మీ ప్రశ్న చదివి నాకు చాలా ఆనందమైంది, ఎందుకంటే మీ చెవికి ఈ స్వరాలన్నీ ముందే తెలుసు.

‘ఇ’ని షడ్జమం అనుకోండి. మామూలు ‘ఇ’ మేజర్ కార్డ్ అంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం ఒక్కసారి మోగడం. దానికి చతుశ్రుతి ధైవతం చేరితే 6, కైశికి నిషాదం చేరితే 7. కాకలి నిషాదం చేరితే దాన్ని మేజర్ 7 అంటారు. దాని రుచి వేరు, రాకబిల్లీలో దాని వాడకం తక్కువ. 7 కార్డ్‌కు చతుశ్రుతి రిషభం కూడా చేరితే 9. రెండవ స్వరాన్ని తొమ్మిది అని ఎందుకు పిలుస్తారంటే, తారస్థాయి షడ్జమాన్ని ఎనిమిదిగా లెక్కించి ఆపైన వచ్చే రిషభాన్ని తొమ్మిదిగా తీసుకుంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: పాట ‘ఎ’ కార్డ్‌కు మారినప్పుడు ఆ అంకెలను ‘ఎ’ నుంచి కొత్తగా లెక్కించాలి. షడ్జమాన్ని వేరే స్వరానికి మార్చి చూసే గ్రహభేదం అలవాటున్న మీకు అది కష్టం కాదు.

ఇప్పుడు గిటార్ తీసుకుని ఒక పని చేయండి. ‘ఇ6’ పట్టుకుని, ఆ రెండో ఫ్రెట్‌లో ఉన్న చిటికెన వేలినే కాస్త పడుకోబెట్టి మొదటి తీగను కూడా నొక్కండి. దీని పేరు ‘ఇ6/9’. ఆరవ తీగ నుంచి ఒక్కొక్కటిగా మీటితే స, ప, స, గ, ధ, రి వినిపిస్తాయి. అవి అచ్చంగా మోహన రాగంలోని అయిదు స్వరాలు. రాకబిల్లీ పాటను ముగించడానికి గిటారిస్టులు ఇష్టపడి వాడే కార్డుల్లో ఇది ఒకటి. చివరి దెబ్బలో వినిపించే ఆ వెలుగు ఈ స్వరాలదే. రాగం అంటే సంచారం, గమకం అన్నీ కలిసినది కాబట్టి ఈ ఒక్క మీటును మోహన అనలేము. అయినా కార్డ్ సరిగ్గా పడిందో లేదో తేల్చుకోవడానికి మీకు ట్యూనర్ అక్కర్లేదు. మీరు నేర్చుకున్న వర్ణమే చెబుతుంది.

ఇంకొక సంగతి కూడా మీకే తొందరగా అందుతుంది. ‘ఇ’ కార్డ్‌లో మూడో తీగ మీద ఉన్న చూపుడు వేలిని ఎత్తి, ఖాళీ తీగను మీటి, వెంటనే వేలిని మొదటి ఫ్రెట్ మీద గట్టిగా దించండి. సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి ఎక్కే ఆ చిన్న జారుడు బ్లూస్ నుంచి వచ్చినది. దీన్ని బొటనవేలి దరువు ఆపకుండా చేయగలిగిన రోజున మీ ‘ఇ’ కార్డ్‌కు రాకబిల్లీ యాస వచ్చేసినట్టే.

ప్రశ్న: ఈ బాణీకి గ్రెట్ష్ గిటార్, ఎకో యంత్రం తప్పనిసరి అంటున్నారు. అంత ఖర్చు పెట్టలేను. మామూలు గిటార్‌తో కుదరదా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కుదురుతుంది. గాయకుడు జీన్ విన్సెంట్ పక్కన వాయించిన క్లిఫ్ గాలప్, ఎడ్డీ కాక్రన్, 1980ల్లో ఈ బాణీని మళ్లీ జనంలోకి తెచ్చిన స్ట్రే క్యాట్స్ బృందంలోని బ్రయన్ సెట్జర్ గ్రెట్ష్ గిటార్లు వాయించిన మాట నిజమే. కానీ మొదట చెప్పిన మెంఫిస్ రికార్డింగులలో స్కాటీ మూర్ చేతిలో ఉన్నది గిబ్సన్ కంపెనీ గిటార్. ఇక కార్ల్ పెర్కిన్స్ టెన్నెసీ పత్తి చేలలో కౌలు కూలీల కుటుంబంలో పెరిగాడు. జాన్ వెస్ట్‌బ్రూక్ అనే నల్లజాతి వ్యవసాయ కూలీ దగ్గర గిటార్ నేర్చుకున్నాడు. తీగ తెగితే కొత్తది కొనలేక ముడివేసి వాయించేవాడినని, ముడి మీదుగా వేలు జార్చలేక తీగను పక్కకు వంచి స్వరం పట్టేవాడినని తర్వాత తానే చెప్పుకున్నాడు. అతను 1955 డిసెంబరులో రికార్డు చేసిన ‘బ్లూ స్వేడ్ షూస్’ ఈ బాణీకి ఆనవాలుగా నిలిచింది.

ఎకో విషయానికి వస్తే, శామ్ ఫిలిప్స్ రెండు టేప్ యంత్రాలను జతచేసి, రెండోదానిలో రికార్డు చేసే, వినిపించే హెడ్‌ల మధ్య దూరం వల్ల కలిగే స్వల్ప ఆలస్యాన్ని వాడుకున్నాడు. దాన్ని స్లాప్‌బ్యాక్ అంటారు. ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరికే యాంప్ యాప్‌లలో కూడా డిలే ఉంటుంది. ఆలస్యాన్ని 120 మిల్లీసెకన్ల దగ్గర, ప్రతిధ్వనిని ఒకే ఒక్కసారికి, దాని మోతను అసలు స్వరం కంటే కొంచెం తక్కువకు పెట్టుకుంటే చాలు. అయితే బొటనవేలి దరువు కుదిరేదాకా, కనీసం మొదటి నెల, దాన్ని ఆపేసి సాధన చేయండి. ప్రతి మీటుకూ నీడలా మరో మీటు వినిపిస్తుంటే, మీ వేలు ఏ బీట్ దగ్గర వెనకబడిందో మీ చెవికి తెలియదు.