రక్తంలో సోడియం మాటిమాటికీ పడిపోతుంటే క్యాన్సరేమోనని అనుమానించాలా?

ప్రతిసారీ అక్కర్లేదు. బీపీకి వాడే నీటి మాత్రలతో కూడా పడిపోతుంది. కానీ మా నాన్న ఆ మాత్రలు వాడలేదు.

మే నెల మధ్యాహ్నం. అరుగు మీద కూర్చుని చొక్కా తిరగేసి తొడుక్కుంటూ, "బస్సొచ్చేసింది, సంచీ తేవే" అని అమ్మను తొందరపెట్టాడు. మా వీధిలోకి ఆటో రావడమే గగనం. వడదెబ్బ అన్నారంతా. మజ్జిగ, కొబ్బరినీళ్లు, నిమ్మరసం, ఎవరికి తోచింది వాళ్లు తాగించారు. సాయంత్రానికి నన్ను బాబాయి పేరు పెట్టి పిలిచాడు. పరీక్ష చేయిస్తే సోడియం 116. ఉండాల్సింది 135 నుంచి 145.

ఆసుపత్రిలో ఉప్పు సెలైన్ ఎక్కించి, "కూరల్లో ఉప్పు బాగా వేయండి" అని పంపేశారు. నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. మూడోసారి వేరే ఊళ్లో చూపిస్తే, అక్కడి డాక్టరు మేడమ్ మూత్రం కూడా పరీక్షకు పంపి, బీడీ అలవాటుందా అని అడిగారు. మానేసి పదేళ్లయిందన్నా వినకుండా ఛాతీకి సీటీ స్కాన్ తీయించారు. ఊపిరితిత్తిలో గడ్డ, స్మాల్ సెల్ క్యాన్సర్. దగ్గు లేదు, ఆయాసం లేదు!

ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్ మామూలుగా మెదడు నుంచి రావాలి. దాన్నే ఆ గడ్డా తయారు చేస్తోంది. మూత్రపిండాలు నీళ్లు వదలవు, రక్తంలో సోడియం పలచబడుతుంది. నాన్నకు ఉప్పు తగ్గలేదు, నీళ్లు ఎక్కువయ్యాయి. మేమేమో బోండాలు కొట్టించాం!

ఆ తర్వాత రోజుకు లీటరు నీళ్లే. అమ్మ సీసా మీద పెన్నుతో గీతలు పెట్టింది. నాన్న పుక్కిలిస్తానని చెప్పి మింగేసేవాడు.

పక్క మంచం లారీ డ్రైవరుది ఇంకో వింత. కాళ్లు పైకి లేవవు. డాక్టరు తన వేళ్లు గట్టిగా పిసకమంటే మొదట పట్టే లేదు, నాలుగైదుసార్లు పిసికాక బలం వచ్చింది. అతనిదీ ఇదే రకం గడ్డ. దాని మీదికి వెళ్లాల్సిన రోగనిరోధక శక్తి నరాల చివర్ల మీద పడిందట.

అన్నట్టు, అంతకుముందు సంక్రాంతికే నాన్నకు 'ఫుల్ బాడీ' ప్యాకేజీ చేయించాను. పుస్తకమంత రిపోర్టులో విటమిన్లన్నీ ఉన్నాయి, ఛాతీ ఎక్స్‌రే ఒక్కటీ లేదు. కారణం చెప్పకుండా ఉప్పు తినమనే డాక్టరును నేనైతే ఇక నమ్మను.

కీమో రెండో విడత అయ్యేసరికి సోడియం 134కి వచ్చింది. పక్కింటి పిన్ని మాత్రం ఇప్పటికీ గోడ మీంచి అడుగుతుంది, "మీ నాన్నకి ఉప్పు సరిగ్గా పెడుతున్నారా?" అని.