శ్రీకాకుళంలో బండి లేకుండా ఎలా? ముందు ఆటో లైను చూడండి, తర్వాతే ఇల్లు

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం వస్తున్నారు, ఉద్యోగం ఎచ్చెర్ల యూనివర్సిటీ వైపు, స్కూటీ నడపడం రాదు. ఊళ్లో సిటీ బస్సులుంటాయా, ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, రాత్రిపూట రైలు దిగితే ఎలా అని.

బండి లేకపోయినా ఇబ్బంది లేకుండా గడిచిపోతుంది. కాకపోతే హైదరాబాద్ లెక్క ఇక్కడ పనిచెయ్యదు. అక్కడ నంబరు చూసి బస్సెక్కుతారు. ఇక్కడ ఊరి లోపల తిరుగుడంతా సర్వీసు ఆటోల (షేర్ ఆటోల) మీదే. వాటికి నంబరుండదు, టైముండదు. లైనొక్కటే, అంటే రోజూ తిరిగే దారొక్కటే ఉంటుంది. అందుకని ఇల్లు వెతికేటప్పుడు ఆఫీసు ఎన్ని కిలోమీటర్లని కాకుండా, ఇల్లు ఏ లైను మీదుందో చూడండి. లైనుకి రెండొందల మీటర్లలో ఉన్న పాత డాబా, లైనుకి కిలోమీటరు లోపలికున్న కొత్త అపార్ట్‌మెంటు కన్నా మీకు మేలు. ఆ కిలోమీటరు పొద్దున్న బానే నడుస్తారు. రాత్రి ఎనిమిదికి కూరగాయల సంచీతో, వానలో, కుక్కల మధ్య నడవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

సర్వీసు ఆటో ఎలా నడుస్తుందో తెలిస్తే సగం చిరాకు పోతుంది. డ్రైవరుకి ఒక ట్రిప్పు గిట్టాలంటే బండి నిండాలి. పర్మిట్ ప్రకారం ఎక్కేది ముగ్గురైనా, ఎక్కించేది ఆరుగురు, ఏడుగురు. నిండే వరకు కదలడు, కదిలినా నడిచే మనిషి వేగంతో హారన్ కొట్టుకుంటూ పోతాడు. కాబట్టి ఖాళీ ఆటో కనిపించిందని ఎక్కి కూర్చోకండి. మీ పక్కన చోటు నిండటానికి పది నిమిషాలు పోతుంది. వెనకాల నలుగురున్న ఆటో వస్తే చెయ్యెత్తండి, మీరెక్కగానే కదిలిపోతుంది. జంక్షన్లో నిలబడేటప్పుడు కూడలి మధ్యలో కాకుండా, మీరు వెళ్లాల్సిన రోడ్డు మొదట్లో, మలుపు దాటాక నిలబడండి. అక్కడ ఆగే ఆటోలన్నీ మీ వైపు పోయేవే. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరైనా, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా ఇదే పద్ధతి. ఏడు రోడ్ల దగ్గర మరీ ముఖ్యం, తప్పు మూల నిలబడితే ప్రతి ఆటోనీ ఆపి అడగాల్సి వస్తుంది.

ఎక్కే ముందు ఒక్క ప్రశ్న: "బాబూ, సర్వీసా, బేరమా?" ఇది తప్పకుండా అడగండి. సర్వీసంటే మనిషికింత. బేరమంటే బండంతా మీదే, కిరాయీ మీదే. ఖాళీ ఆటో దగ్గరికెళ్లి "ఫలానా చోటికి వస్తావా?" అంటే అది బేరం కిందికే వస్తుంది, దిగాక గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. "సర్వీసేనమ్మా, ఇంకొకలొస్తే ఎల్లిపోదుం" అన్నాడంటే సరే. ఛార్జీ ఎంతో డ్రైవరుని కాకుండా ముందే కూర్చున్న ఆడవాళ్లని అడగండి, సరిగ్గా చెబుతారు. పది, ఇరవై నోట్లు విడిగా పెట్టుకోండి. ఫోన్‌పే ఉన్నా, వెనక హారన్లు మోగుతుంటే స్కాన్ చేసి, డబ్బు పడిందని చూపించేంత తీరిక ఉండదు.

కూర్చునే చోటు సంగతి. డ్రైవరు పక్కన అర చెక్క మీద కూర్చోవద్దు. హ్యాండిల్ తిప్పినప్పుడు అతని మోచేతికి మీ భుజం అడ్డొస్తుంది, బండి వంగినప్పుడు పట్టుకోవడానికి మీకేమీ ఉండదు. వెనక వెనక్కి తిరిగి కూర్చునే సీటులో కాళ్లు బయటికి వేలాడతాయి, చున్నీ, చీర కొంగు చక్రం వైపు జారతాయి. కొంగు ముందుకి తీసుకుని ఒళ్లో ముడేసుకోండి. దిగాల్సిన చోటికి ఒక దుకాణం ముందే "ఆపు బాబూ" అనాలి, అదే చోట అంటే యాభై మీటర్లు దాటాక ఆగుతుంది. దిగేది ఎడమ పక్కకే.

పొద్దున్న ఎనిమిది నుంచి తొమ్మిదింపావు దాకా రోడ్డు నిండా ఆటోలుంటాయి, మీకు మాత్రం దొరకవు. చాలామంది డ్రైవర్లకి ఆ వేళ నెలవారీ స్కూలు పిల్లల కిరాయి ఉంటుంది. సాయంత్రం స్కూళ్లు వదిలే వేళ మళ్లీ అదే పరిస్థితి. మీ ఆఫీసు టైము తొమ్మిదిన్నరో పదో అయితే, ఆ గంట కోసం ఆటో మీద ఆధారపడకండి.

ఇప్పుడు ఎచ్చెర్ల. ఊరి నుంచి సుమారు పది కిలోమీటర్లు, విశాఖ వైపు హైవే మీద. రోజూ వెళ్లి రావడానికి పల్లెవెలుగు బస్సు మంచిది. చిలకపాలెం, రణస్థలం వైపు పోయేవి ఆ దారినే పోతాయి. ఎక్స్‌ప్రెస్ ఎక్కే ముందు "యూనివర్సిటీ దగ్గర ఆపుతారా?" అని కండక్టర్ని కింద నుంచే అడగండి. కాంప్లెక్స్‌లో, అంటే ఆర్టీసీ బస్టాండులో ఎక్కితే సీటు దొరుకుతుంది, దారిలో ఎక్కితే పొద్దున్న నిలబడాల్సిందే. కాబట్టి మీ ఇంటి నుంచి కాంప్లెక్స్‌కి నడిచిపోగలిగినా, ఒక్క సర్వీసు ఆటోలో చేరుకోగలిగినా చాలు. రెండు ఆటోలు మారాల్సిన ఇల్లు వద్దు. సాయంత్రం తిరుగు బస్సు హైవేకి అవతలి పక్క. అక్కడ బస్సు సర్వీసు రోడ్డు మీదికి దిగుతుందా, మెయిన్ రోడ్డు మీదే ఆగుతుందా అన్నది మొదటి రోజే తోటి ఉద్యోగుల్ని అడిగి తెలుసుకోండి. ఆరు వరుసల రోడ్డు అది. బస్సు కనిపించింది కదా అని డివైడర్ ఎక్కి పరుగెత్తడం మాత్రం వద్దండీ, దూరమైనా చుట్టూ తిరిగి రండి.

ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15 నుంచి ఉంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వర్తిస్తుంది. ఆధార్, ఓటరు కార్డు లాంటిది ఏదో ఒకటి చూపించాలి, అందులో చిరునామా ఆంధ్రప్రదేశ్‌ది అయి ఉండాలి. మీ ఆధార్ హైదరాబాద్ చిరునామాతో ఉంటే, మార్చుకునే దాకా టికెట్ కొనుక్కోవాల్సిందే. చిరునామా మారాక కూడా సున్నా రూపాయల టికెట్ అడిగి తీసుకోండి, తనిఖీవాళ్లు చూసేది అదే. విశాఖ నాన్‌స్టాప్‌లో, ఒడిశా పోయే అంతర్రాష్ట్ర బస్సుల్లో ఇది చెల్లదు. నాన్‌స్టాప్‌కి కాంప్లెక్స్ కౌంటర్లో ముందే టికెట్ తీసుకోవాలి.

ఇల్లు చూడటానికి పగలు పదకొండుకి వెళితే ఏ వీధైనా బాగానే ఉంటుంది. రాత్రి ఏడున్నరకి వెళ్లండి. ఇంటి నుంచి లైను రోడ్డు దాకా నడిచి, అక్కడ పది నిమిషాలు నిలబడి, చోటున్న సర్వీసు ఆటోలు ఎన్నొచ్చాయో లెక్కపెట్టండి. మూడు కూడా రాకపోతే ఆ ఇల్లు వదిలేయండి, అద్దె వెయ్యి తక్కువైనా సరే. ఆ వెయ్యి బేరం ఆటోలకే పోతుంది. ఇంకొకటి, అరసవల్లి వైపు ఇల్లు కుదిరితే ఆదివారాల సంగతి గుర్తుంచుకోండి. సూర్యనారాయణస్వామి వారం కాబట్టి ఆ రోజు ఆ లైను కిటకిటలాడుతుంది, మాఘమాసంలో మరీను. రథసప్తమినాడు ఆ దారిలో వేరే పని పెట్టుకోకపోవడమే మంచిది.

రైలు విషయం. ఊళ్లో స్టేషన్ లేదు. టికెట్ మీద ఉండే శ్రీకాకుళం రోడ్ ఆమదాలవలసలో ఉంది, ఊరికి సుమారు 13 కిలోమీటర్లు. స్టేషన్ కోడ్ సీహెచ్‌ఈ, ఇంగ్లీషువాళ్ల నాటి చికాకోల్ పేరు నుంచి మిగిలింది. చాలా రైళ్లు రెండు నిమిషాలే ఆగుతాయి. పొందూరు దాటగానే సామాను దింపుకోండి. దూసి తర్వాత నాగావళి వంతెన మీద చక్రాల చప్పుడు బోలుగా మారుతుంది, అది వినగానే తలుపు దగ్గరికి వచ్చేయాలి.

పగలైతే బయట "సికాకుళం, సికాకుళం" అని పిలిచే సర్వీసు ఆటోలుంటాయి, బస్సులూ ఉంటాయి. రాత్రి పొద్దుపోయి దిగితే అంతా బేరమే. ధర మాట్లాడేటప్పుడు మూడూ కలిపి తేల్చుకోండి: మనుషులెందరు, సామానెంత, దింపేది కాంప్లెక్స్ దగ్గరా ఇంటి గుమ్మం దగ్గరా. చివరిది చెప్పకపోతే కాంప్లెక్స్ దగ్గర ఆపి ఇంకో యాభై అడుగుతారు. ప్లాట్‌ఫాం మీదే ఊళ్లోకి పోయే కుటుంబం ఎవరైనా ఉన్నారేమో చూడండి, "సికాకుళమేనా మాస్టారూ?" అంటే కలుపుకుంటారు. ఎక్కే ముందు ఆటో నంబరు ఫొటో తీసి ఇంటికి పంపండి, డ్రైవరుకి కనిపించేలాగే. రెండింటికో మూడింటికో దిగి తోడెవరూ లేకపోతే, తెల్లారేదాకా వెయిటింగ్ హాల్లో కూర్చుని మొదటి బస్సుకి రండి. మొదటిసారి వచ్చేటప్పుడైతే పగలు దిగే రైలుకే టికెట్ తీసుకోండి, చీకటి పడకముందే దారీ జంక్షన్లూ ఒకసారి కళ్లారా చూసినట్టుంటుంది.