ఇత్తడి గిన్నెలో ఉంచిన చేపల పులుసు తిని వాంతులు: తప్పు చేపదా, గిన్నెదా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కావలి. పోయిన ఆదివారం మా అమ్మమ్మ నాటి ఇత్తడి గిన్నెలో చేపల పులుసు పెట్టాను. పుల్ల మామిడికాయ ముక్కలు కూడా వేశాను. సగం వేడిగా ఉండగానే స్టీలు క్యారియర్‌లో మా ఆడపడుచు వాళ్లింటికి పంపాను. మిగతాది ఆ గిన్నెలోనే ఉంచి మర్నాడు పొద్దున తిన్నాం. అరగంట తిరక్కుండానే నాకూ మావారికీ కడుపులో తిప్పి వాంతులయ్యాయి. నోరంతా చిలుము రుచి. సాయంత్రానికి తగ్గింది. ఆడపడుచు వాళ్లూ మర్నాడే తిన్నారు, వాళ్లకేమీ కాలేదు. గిన్నె లోపల కళాయి అక్కడక్కడా పోయింది. ఇత్తడి ఆరోగ్యానికి మంచిదంటారు కదా, మరి ఇలా ఎందుకైంది? సిల్వరు గిన్నెలకు మారిపోమంటారా? మా అత్తగారికి కిడ్నీ జబ్బు ఉంది.

జవాబు: మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉందమ్మా. చేప చెడిపోయినా వాంతులవుతాయి, నిజమే. కానీ అదే పులుసు స్టీలులో ఉన్నంతసేపు ఎవరినీ ఏమీ చేయలేదు. పైగా అరగంటలోపే వాంతులు, నోట్లో చిలుము రుచి. ఉత్తరం చూసి నూటికి నూరు పాళ్లూ చెప్పలేను గానీ, నా అనుమానం గిన్నె మీదే.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిపిన లోహం. పులుపు తగిలితే జింకు తేలిగ్గా కరుగుతుంది. రాగి అంత తొందరగా లొంగదు. పలచని ఆమ్లంలో ముంచినా, గాలి తగలకపోతే దాదాపు అలాగే ఉంటుంది. గాలి తోడైందా, కథ మారుతుంది. ఆక్సిజన్ రాగి మీద సన్నని ఆక్సైడు పొర కడుతుంది, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగించేస్తుంది. కింద కొత్త రాగి బయటపడుతుంది, దాని మీద మళ్లీ పొర, మళ్లీ కరగడం. రాత్రంతా ఇదే పని. మసకబారిన ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే ఎందుకు తళతళలాడుతుందో మీకు తెలుసు కదా. తోమినప్పుడు ఆ కరిగినదాన్ని నీళ్లతో కడిగి పారబోస్తాం. మీరు మర్నాడు అన్నంలో కలుపుకున్నారు.

రాగి మన ఒంటికి అవసరమే, రోజుకు సుమారు ఒక మిల్లీగ్రాము. అదే మోతాదు పెరిగి ఒక్కసారిగా కడుపులో పడితే లోపలి పొరను రేపి వాంతి చేయిస్తుంది. ఎక్కువైన జింకు కూడా అంతే. ఒక రకంగా ఆ వాంతి మీకు మేలే చేసింది, లోపలికి పోయినదాన్ని చాలావరకు బయటికి నెట్టేసింది. ఒక్కసారి జరిగి సాయంత్రానికి తగ్గిపోయింది కాబట్టి పరీక్షలేమీ అక్కర్లేదు, టెన్షన్ పడకండి. ఇలా మళ్లీ ఎవరికైనా జరిగితే గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు. ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. వాంతులు ఆగకపోయినా, రక్తం పడినా, కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విల్సన్ జబ్బు ఉన్నవాళ్లకు రాగి కాలేయంలో పేరుకుపోతుంది. వాళ్ల వంటకు రాగి, ఇత్తడి గిన్నెలు అసలు వాడకూడదు.

మన పెద్దవాళ్లు కళాయి లేని ఇత్తడిలో పులుసు పెట్టేవాళ్లు కాదు. కళాయి అంటే తగరం పూత. పులుపుకి తగరం బాగా తట్టుకుంటుంది. కళాయి వేసేటప్పుడు, కాల్చిన గిన్నె మీద నవాసారం (అమ్మోనియం క్లోరైడు) చల్లి రుద్దినప్పుడు తెల్లటి పొగ వస్తుందే, ఆ వేడికి నవాసారం విడిపోయి పుట్టే ఆమ్లమే చిలుమును తినేసి, తగరం పట్టుకునేలా లోహాన్ని శుభ్రం చేస్తుంది. ఆ పొగ మీరు పీల్చకండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. వేసేది శుద్ధ తగరమేనా అని గట్టిగా అడగండి, ఎందుకంటే సీసం కలిపితే పని చవకలో అయిపోతుంది. కొద్దికొద్దిగా లోపలికి పోయే సీసంతో ఇలా వెంటనే వాంతి రాదు, రుచిలోనూ తెలియదు. ఏళ్ల తరబడి ఒంట్లో చేరి పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. నన్నడిగితే మీ పులుసు కంటే నాకు ఎక్కువ భయం దాని గురించే. కళాయి వేయించాక ఖాళీ గిన్నెను పొయ్యి మీద వదలొద్దు, తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది.

ఇక సిల్వరు గిన్నెలు, అంటే అల్యూమినియం. దాన్ని కాపాడేది పైనున్న ఆక్సైడు పొరే. ఆ పొర పులుపుకీ కరుగుతుంది, చాకలి సోడా లాంటి క్షారానికీ కరుగుతుంది. మామూలు మనుషుల్లో ఒంట్లోకి చేరిన కాస్త అల్యూమినియాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీలు దెబ్బతింటే అది ఎముకల్లో, మెదడులో పేరుకుంటుంది. అందుకే మీ ఇంట్లో పులుసుకి, చారుకి అది వద్దు. ఇనుప మూకుడులో వండితే పులుసు నల్లబడుతుంది గానీ విషం కాదు. రక్తహీనత ఉన్నవాళ్లకు కాస్త లాభమే, ఒంట్లో ఇనుము పేరుకుపోయే తలసీమియా అనే రక్త జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం వద్దు.

చేపల పులుసు మర్నాటికే రుచి అని నెల్లూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పూత పూయని మట్టి దాకలోనో స్టీలు గిన్నెలోనో పెట్టుకోండి, చల్లారగానే ఫ్రిజ్‌లో ఉంచండి. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించినా అందులో అన్నం, పప్పు మాత్రమే వండుకోండి, రాత్రికి ఏదీ ఉంచొద్దు. అత్తగారి విషయంలో ఇంకొకటి ఉంది. చింతపండులో పొటాషియం ఎక్కువ. ఏ గిన్నెలో పెట్టినా సరే, ఆవిడ ఎంత పులుసు తినొచ్చో కిడ్నీ డాక్టరును అడిగాకే వడ్డించండి.