ఎలుకల్లో పనిచేసిన మందులతో ట్రమడాల్ మానొచ్చా?

ప్రశ్న: నా వయసు 42. నడుం నొప్పికి ఎనిమిది నెలలుగా ట్రమడాల్ 50 మి.గ్రా. మాత్రలు రోజుకు మూడు వేసుకుంటున్నాను. మానేస్తే మర్నాటికల్లా ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, విరేచనాలు. నిద్ర అసలే ఉండదు. బీపీ మందు క్లోనిడిన్, నరాల నొప్పి మందు ప్రెగాబలిన్ ఇస్తే ఎలుకల్లో విత్‌డ్రాయల్ (అలవాటైన మందు మానితే వచ్చే బాధలు) తగ్గిందని చదివాను. నాన్నగారి మందుల్లో ఆ రెండూ ఉన్నాయి. వాడొచ్చా డాక్టర్ గారూ?

జవాబు: సొంతంగా వాడకండి. మీరు చదివింది నిజమే, కానీ సగమే.

ఎలుకలకు కొన్ని రోజులు మార్ఫిన్ (ట్రమడాల్ కోవకే చెందిన బలమైన నొప్పి మందు) ఇచ్చి, తర్వాత దాని పనిని అడ్డుకునే నాలోక్సోన్ ఇంజెక్షన్ చేస్తారు. నిమిషాల్లో అవి తడిసిన కుక్కలా ఒళ్లు విదిలించుకుంటాయి, పళ్లు టకటకలాడిస్తాయి, విరేచనాలతో బరువు తగ్గుతాయి. చిట్టెలుకలైతే ఎగిరెగిరి దూకుతాయి. ఇంకో మందు ముందే ఇస్తే ఈ లక్షణాలు ఎంత తగ్గాయో లెక్కపెడతారు.

క్లోనిడిన్ ఆ పరీక్ష దాటి మనుషుల దాకా వచ్చింది. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. మార్ఫిన్ దాన్ని జోకొడుతుంది. మార్ఫిన్ ఆగగానే అది రెచ్చిపోయి, ఒంటిని ఉద్రేకపరిచే నోర్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని కుమ్మరిస్తుంది. చెమటలకు, గుండెదడకు చాలావరకు కారణం అదే. క్లోనిడిన్ పట్టుకునే రిసెప్టార్ (కణం మీద మందు అతుక్కునే చోటు) వేరు, కానీ తెరిచేది మార్ఫిన్ తెరిచే పొటాషియం ఛానెల్‌నే (కణాన్ని శాంతపరిచే ద్వారం). కాబట్టి నాలోక్సోన్ ఉన్నా దాని పని ఆగదు. 1978లో ఎలుకల్లో ఇది కనిపించింది, అదే ఏడాది రోగులకూ ఇచ్చి చూశారు. అయితే ఒళ్లునొప్పులు, నిద్రలేమి, మందు మీద యావ దీంతో పెద్దగా తగ్గవు. 0.1 మి.గ్రా.తో మొదలుపెట్టి, ప్రతి డోసుకు ముందు బీపీ చూస్తాం. పై అంకె 90 లోపుంటే ఆ డోసు ఇవ్వం. రోజూ వాడుతూ ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగబాకుతుంది. మీరు తీసుకోవడం వల్ల నాన్నగారికి మాత్రలు తక్కువైతే ఆయనకూ ఆ ముప్పే.

ప్రెగాబలిన్ విషయంలో నాకు ఇంకా భయం. చిట్టెలుకల్లో విత్‌డ్రాయల్ లక్షణాలు తగ్గించిన ఈ మందే, మార్ఫిన్‌కు అలవాటుపడిన చిట్టెలుకల్లో శ్వాసను కుంగదీసింది. అదీ, విడిగా ఇస్తే శ్వాసకు ఏమీ కాని డోసులో! శరీరం అలవాటు చేసుకున్న తట్టుకునే శక్తిని అది చెరిపేసింది. మద్యంతోనూ అదే జరిగింది. ఎన్నిసార్లు గెంతాయో లెక్కపెట్టే ప్రయోగంలో ఈ సంగతి బయటపడదు. ఇలా కలిపి వాడి శ్వాస ఆగిన మనుషులూ ఉన్నారు.

పైగా ట్రమడాల్ మార్ఫిన్‌లా పనిచేయడమే కాదు, సెరటోనిన్‌ అనే మెదడు రసాయనం మీదా పనిచేస్తుంది. అందుకే ఒక్కసారిగా మానితే ఆందోళన, ఒంట్లో షాక్ కొట్టినట్టు జిల్లుమనడం వస్తాయి. క్లోనిడిన్‌తో ఇవి తగ్గుతాయన్న భరోసా లేదు.

మీకు సరైన దారి మెల్లగా తగ్గించడం. ఒక మాత్ర తీసేస్తే మూడో వంతు పోయినట్టే, అది ఎక్కువ. మధ్యలో గీత ఉన్న మామూలు మాత్రైతే సగం చేసి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి 25 మి.గ్రా. చొప్పున తగ్గించే పథకం మీ డాక్టర్‌తో వేయించుకోండి. చివరి 50 మి.గ్రా. దగ్గర ఇంకా నెమ్మదించాలి. ఎస్ఆర్ (మందును మెల్లగా వదిలే) మాత్రలను విరవకూడదు. కార్బమజెపిన్ (ఫిట్స్‌కు ఇచ్చే మందు), డిప్రెషన్ మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. మొదటిది ట్రమడాల్ ఒంట్లో త్వరగా ఖర్చయ్యేలా చేసి విత్‌డ్రాయల్ తెస్తుంది, రెండో రకంలో చాలావాటితో ఫిట్స్ ముప్పు పెరుగుతుంది.

ఈలోగా ఫిట్స్ వచ్చినా, లేపినా లేవనంత మగత కమ్మినా, శ్వాస బాగా నెమ్మదించినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి.