డి డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని ధైర్యం పడకండి

ప్రశ్న: సార్, మా ఇంట్లో 2012లో కొన్న కంప్యూటర్ ఉంది, విండోస్ 7. నెల రోజులుగా ఆన్ అవడానికి పావుగంట పడుతోంది, మధ్యలో బిగుసుకుపోతోంది. మొన్న రెండుసార్లు నల్ల స్క్రీన్ మీద ‘డిస్క్ బూట్ ఫెయిల్యూర్’ అని వచ్చి ఆగిపోయింది, ఆపి మళ్లీ వేస్తే వచ్చింది. సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేస్తే చాలు, డి డ్రైవ్‌లోవి ఎక్కడికీ పోవు అంటున్నాడు షాపతను. చనిపోయిన మా నాన్నగారి ఫోటోలు, పాపకు పుట్టెంట్రుకలు తీయించిన రోజు వీడియో అన్నీ డి లోనే ఉన్నాయి. ఇచ్చేయమంటారా?
- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఇప్పుడే ఇవ్వకండమ్మా. ముందు ఫోటోలు బయటికి తీసుకోండి, ఫార్మాట్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

సి, డి అని రెండు కనిపిస్తాయి గానీ చాలా ఇళ్లలో లోపల ఉండేది ఒకటే డిస్క్. ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేసినట్టన్నమాట, పునాది కుంగితే రెండు వాటాలూ కుంగుతాయి. నీరసించిన డిస్క్ మీద కొత్తగా విండోస్ ఎక్కించడమంటే దానితో గంటసేపు బరువు మోయించడమే, ఆ గంటలోనే అది పూర్తిగా ఆగిపోవచ్చు. పైగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ పార్టిషన్ (వాటా) తుడవాలో ఎంచుకునే చోట చెయ్యి ఒక్క గీత కిందికి జారితే డి కూడా పోతుంది.

ముందుగా కేబినెట్ పక్కన చెవి పెట్టి వినండి. సన్నటి హోరు, ఫైల్ తెరిచినప్పుడు కొంచెం గరగర, అది మామూలే. అలా కాకుండా టక్... టక్... టక్ అని ఒకే లయలో కొట్టి, కాసేపటికి తిరగడమే ఆగిపోతుంటే మాత్రం ఇంక స్విచ్ వేయొద్దు. లోపలి పళ్లెం సాధారణంగా నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటుంది, దాన్ని చదివే హెడ్ ఆ పళ్లేన్ని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. హెడ్ దెబ్బతింటే పళ్లెం గీరుకుపోయే ప్రమాదం ఉంది, గీరుకున్న చోట ఉన్నది ఇక ఎవరికీ దొరకదు. అలాంటి డిస్క్‌ని చెన్నైలోనో బెంగళూరులోనో డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వడం ఒక్కటే దారి, వేలల్లో ఖర్చవుతుంది. నాన్నగారి ఫోటోలు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

ఆ చప్పుడు లేకపోతే చాలావరకు ఆశ ఉంది. ప్లగ్ పీకేసి పక్క తలుపు విప్పండి. మా ఇంట్లో డెస్క్‌టాప్‌కి సరిగ్గా మీ జబ్బే వచ్చినప్పుడు విప్పి చూస్తే, దుమ్ము కింద, డిస్క్‌ని మదర్‌బోర్డుకి (భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డు) కలిపే ఎర్ర సాటా కేబుల్ కొసన ఉండే చిన్న క్లిప్ విరిగిపోయి ఉంది, వేలితో తాకితే చాలు ఊగుతోంది. ఫ్యాన్ అదురుకి అది సడలినప్పుడల్లా డిస్క్ మాయమయ్యేది. కేబుల్ మార్చాక అదే డిస్క్ ఇంకో నాలుగేళ్లు పనిచేసింది. అందుకని ఆ కేబుల్‌ని రెండు వైపులా, పక్కనే ఉండే పవర్ కేబుల్‌ని డిస్క్ వైపు తీసి గట్టిగా పెట్టండి.

ఇప్పుడు ఆన్ అయితే వెంటనే ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి కాపీ మొదలుపెట్టండి. కట్ కాదు, కాపీ. డి డ్రైవ్ మొత్తం ఒకేసారి లాగకండి. నాన్నగారి ఫోల్డర్ ముందు, పాప వీడియో తర్వాత, సినిమాలూ పాటలూ ఆఖరున. ఏదైనా ఫైల్ దగ్గర ఇరుక్కుపోతే దాన్ని వదిలేసి ముందుకు వెళ్లండి. డెస్క్‌టాప్ మీద, మై డాక్యుమెంట్స్‌లో పెట్టుకున్నవి సి లో ఉంటాయి, వాటిని మర్చిపోయి ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఆన్ అయ్యేటప్పుడు అదంతట అదే చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ పని) మొదలుపెట్టబోతే, ఆ పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కి ఆపేయండి. మా అన్న కొడుకు కంప్యూటర్‌కి నేనే ఒక రాత్రి చెక్‌డిస్క్ పెట్టి పడుకున్నాను, తెల్లారేసరికి ఆ డిస్క్ బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచి డిస్కులను గుర్తించే ప్రోగ్రామ్) కూడా కనపడలేదు. కాపీ తీసుకోకుండా ఆ పని చేయకూడదని అప్పటికి నాకు తెలియదు, వాడి కాలేజీ ఫోటోలన్నీ పోయాయి, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

విండోస్ అసలు రాకపోతే డిస్క్ విప్పి సాటా-యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించవచ్చు. డెస్క్‌టాప్ డిస్క్‌కి 12 వోల్టుల పవర్ కూడా కావాలి, ఆ పవర్ కోసం విడిగా కరెంటు ప్లగ్ ఉన్న అడాప్టరే కొనండి. తగిలించగానే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి.

కాపీ అయ్యాక తీరిగ్గా క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడండి. అందులో 05, సీ5 అనే వరుసల్లో చివరి గడిలోని సంఖ్య సున్నా కాకుండా రోజురోజుకీ పెరుగుతుంటే డిస్క్ అయిపోవచ్చిందని అర్థం. సీ7 మాత్రమే పెరుగుతుంటే ముందు కేబుల్‌ని అనుమానించండి. కేబుల్ మార్చినా పాత సంఖ్య తగ్గదు, కంగారు పడొద్దు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూసుకోవాలి.

ప్రశ్న: కరెంటు పోయి వస్తే మా పాత కంప్యూటర్‌లో తేదీ 2009కి వెళ్లిపోతోంది, హార్డ్ డిస్క్ లేదంటోంది. రెండు మూడుసార్లు రీస్టార్ట్ చేస్తే వస్తోంది. డిస్క్ పోయినట్టేనా?
- ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అప్పుడే ఆ మాట అనుకోకండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. తేదీ వెనక్కి పోతోందంటే అది అయిపోయింది. దాంతో పాటే బయోస్ సెట్టింగులూ మొదటికి వస్తాయి, సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి పాత పద్ధతి ఐడీఈకి మారిపోతే డిస్క్ బాగున్నా విండోస్ నీలం స్క్రీన్ చూపిస్తుంది. వాచీలు బాగుచేసే చోట కూడా ఆ బ్యాటరీ దొరుకుతుంది. వేసి, తేదీ సరిచేసి, సెట్టింగులు చూసుకోండి. ఆ తర్వాత కూడా మొదటిసారి ఆన్ చేసినప్పుడు డిస్క్ కనపడక, రెండోసారి కనపడుతుంటే ఎస్‌ఎంపీఎస్‌ని (కంప్యూటర్ భాగాలకు పవర్ ఇచ్చే డబ్బా) అనుమానించాలి. డిస్క్ మోటార్ తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే ఎక్కువ కరెంటు లాగుతుంది, ముసలి ఎస్‌ఎంపీఎస్ అక్కడ చేతులెత్తేస్తుంది. ఏదైనా సరే, ఈ వారంలోనే కాపీ తీసి పెట్టుకోండి.

ప్రశ్న: చెడిపోయిన హార్డ్ డిస్క్‌ని ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందట, నిజమేనా?
- ఒక డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: పెట్టొద్దు బాబూ. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, మన తిరుపతి ఉక్కలో మరీను. ఆ తేమ పళ్లెం మీద చేరితే ల్యాబ్‌వాళ్లకు కూడా పని కష్టమవుతుంది. డిస్క్‌ని మామూలు పాలిథిన్ కవర్‌లో కాకుండా యాంటీ స్టాటిక్ కవర్‌లో (స్థిర విద్యుత్తు నుంచి కాపాడే కవర్) పెట్టి, ఇంట్లో పొడిగా ఉండే అల్మారాలో పెట్టు, డబ్బు సమకూరినప్పుడు ల్యాబ్‌కి ఇవ్వచ్చు.