క్లచ్ ప్లేట్లు మార్చాక లివర్ నొక్కినా బండి ముందుకే లాగుతోంది, ఎందుకు?

తిరుపతిలో ఇంటి దగ్గరే కొత్త ప్లేట్లు వేశాను, క్లచ్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేరు వేసినా బండి లాగేస్తోంది అని మీరన్నారు. ముందు కేబుల్ చూడండి. చాలా బండ్లకి లివర్ చివర 10–20 మి.మీ. ఆట (కేబుల్ బిగుసుకునే ముందు లివర్ వదులుగా కదిలే దూరం) ఉండాలి. అంతకన్నా వదులుంటే ప్లేట్లు పూర్తిగా విడిపోవు.

అది సరిగ్గానే ఉంటే కవర్ మళ్లీ విప్పాల్సిందే. నా అనుమానం ప్రెషర్ ప్లేటు మీద, అంటే స్ప్రింగుల బలంతో మిగతా ప్లేట్లని నొక్కి పట్టే ప్లేటు మీద. దాని పళ్లు హబ్ (ప్లేట్ల మధ్యలో ఉండే భాగం) గాడుల్లో సరిగ్గా కూర్చోకపోయినా బోల్టులు బిగుసుకుంటాయి, పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే స్ప్రింగులు పెట్టకముందే చేత్తో నొక్కి, అటూ ఇటూ కాస్త తిప్పి చూడండి. టక్కున లోపలికి దిగి, ప్లేట్ల మధ్య సందు లేకుండా పోవాలి.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు (రాపిడి పదార్థం అంటించినవి) ఇంజిన్ ఆయిల్లో నానబెట్టకుండా పొడిగా వేసినా అతుక్కుంటాయి. నానబెట్టి, ఒక ఫ్రిక్షన్ ఒక స్టీల్ చొప్పున పేర్చండి. చాలా బండ్లలో మొదటిదీ చివరిదీ ఫ్రిక్షన్ ప్లేటే. స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకేదాన్ని గట్టిగా తిప్పితే హబ్ విరగొచ్చు, దయచేసి తొందరపడొద్దు.

లివర్‌లో ఆట అసలు లేకుండా మాత్రం చేయకండి. అలిపిరి దాటి ఘాట్ ఎక్కేటప్పుడు క్లచ్ జారి, ఇంజిన్ అరుస్తుందే గానీ బండి లాగదు.