డాక్టర్ సలహా: వాడితే తెల్లగా, ఆపితే మంట... ఆ ట్యూబులో ఏముంది?

ప్రశ్న: నా వయసు 49. మాది మదనపల్లె దగ్గర పల్లె. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చేశాం, ఇప్పుడు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. ఏడు నెలలుగా నెలసరి రావడం లేదు. అప్పటి నుంచీ ముఖం పొడిబారి, స్నానం చేయగానే చర్మం బిగుసుకుపోయినట్టు ఉంటోంది. బుగ్గల మీద మంగు మచ్చలు పదేళ్ళుగా ఉన్నాయి. ఈ ఏడాది కొత్తగా కణతల దగ్గర, చెవుల ముందు కూడా నల్లబడింది. రాత్రిళ్ళు కాళ్ళు దురద. రోజూ ముఖానికి సున్నిపిండి, పసుపు వాడతాను. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించిన సీరమ్‌లు మూడు ఉన్నాయి. మెడికల్ షాపు అతను ఇచ్చిన ట్యూబు ఒకటి ఏడాదిన్నరగా రాత్రిపూట రాస్తున్నాను. రాస్తే తెల్లగా అవుతుంది, రెండు రోజులు ఆపితే ఎర్రబడి మండుతుంది. మూడు వారాలకోసారి జుట్టుకు రంగు వేసుకుంటాను. ఈ వయసులో చర్మానికి ఇంకా ఏం వాడాలి? బెంగళూరులో ఎండే ఉండదు కదా, సన్‌స్క్రీన్ అవసరమా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీరు ముఖానికి రాసేవి లెక్కపెట్టాను. సున్నిపిండి, పసుపు, మూడు సీరమ్‌లు, ఒక ట్యూబు. మొత్తం ఆరు. ఏడోది ఏం చేర్చమంటారని అడుగుతున్నారు. నేనైతే ఆ ఆరూ పక్కన పెట్టమంటాను. ఒక్క ట్యూబు విషయంలో మాత్రం చిన్న మెలిక ఉంది, ముందు అదే చెప్తాను.

"రాస్తే బాగుంటుంది మేడమ్, ఆపితే ఊరుకోదు." మా ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. ఇది వినగానే నాకు వచ్చే మొదటి అనుమానం స్టెరాయిడ్. కళ్ళజోడు పెట్టుకుని ట్యూబు మీది సన్నక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్... వీటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. పక్కన హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని కూడా ఉంటే, అది మంగు మచ్చలకు మేమూ రాసే మందే. అయితే మేం రాసేది కొన్ని వారాలకు, మధ్యలో పిలిచి చూసుకుంటూ. ఏడాదిన్నర కాదు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు చాలావాటిని 2018లో కేంద్రం డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా కౌంటర్ దగ్గర నిలబడి "మచ్చలకేమైనా ఇవ్వన్నా" అంటే చేతికొస్తూనే ఉన్నాయి.

స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఎరుపు తగ్గి ముఖం తెల్లబడినట్టు కనిపించేది అందుకే. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, నాళాలు వెడల్పవుతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, సన్న పొక్కులు లేస్తాయి. ఆపగానే మంట. మంట తట్టుకోలేక మళ్ళీ రాస్తారు. మీ విషయంలో ఇంకో చిక్కు కూడా కలిసింది. నెలసరి ఆగే రోజుల్లో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది కాబట్టి చర్మంలో నూనె, తేమ రెండూ తగ్గుతాయి. చర్మాన్ని బిగువుగా పట్టుకునే కొల్లాజెన్ మెనోపాజ్ తర్వాతి ఐదేళ్ళలోనే దాదాపు 30 శాతం తగ్గుతుందని అంచనా. అంటే ఎటూ పలచబడుతున్న చర్మాన్ని పలచబరిచే మందుతో రోజూ రుద్దుతున్నారు.

అలాగని ఇది చదివి ఇవాళే ట్యూబు చెత్తబుట్టలో పడేయకండి. ఈ వారంలోనే చర్మ డాక్టర్‌కు చూపించండి. మోతాదు మెల్లగా తగ్గించాలా, స్టెరాయిడ్ లేని టాక్రోలిమస్ లాంటి ఆయింట్‌మెంటు మధ్యలో ఇవ్వాలా అనేది ముఖం చూసి నిర్ణయిస్తారు. ఆపాక కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు ముఖం బాగా ఇబ్బంది పెడుతుంది. ఇంట్లోవాళ్ళు "ఏంటి, ఇలా అయ్యావు" అంటారు. ఆ మాటకే చాలామంది వెనక్కి వెళ్ళిపోతారు, మందుల దుకాణానికి.

ఇక కణతలు, చెవుల ముందు భాగం. మంగు సాధారణంగా బుగ్గలు, ముక్కు, పైపెదవి, నుదుటి మీద వస్తుంది. జుట్టు అంచు వెంబడి నల్లబడిందంటే నా చూపు ముందుగా జుట్టు రంగు మీదికి వెళ్తుంది. రంగులో నలుపు కోసం వాడే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. అందరికీ దురద, వాపు రావాలని లేదు. కొందరికి ఏ గొడవా లేకుండా నెమ్మదిగా నలుపెక్కుతుంది. పదేళ్ళు పడిన రంగు పదకొండో ఏట పడకపోవచ్చు. "అమ్మోనియా లేనిది మేడమ్" అంటారు. అమ్మోనియా లేకపోయినా పీపీడీ ఉండొచ్చు. నల్ల మెహందీ అని అమ్మే పొడుల్లో కూడా తరచూ ఇదే ఉంటుంది. కాబట్టి పరీక్ష అయ్యేదాకా రంగు ఆపండి. ప్యాచ్ టెస్ట్ అని ఉంది, వీపు మీద చిన్న పట్టీలు అంటించి 48 గంటల తర్వాత చూస్తారు. అది క్లినిక్‌లోనే చేయించుకోండి, అనుమానం ఉన్న చర్మంతో ఇంట్లో ప్రయోగాలు వద్దు. కల్తీ లేని గోరింటాకు పొడి పెట్టుకోవచ్చు, ఎర్రగా వస్తుంది మరి. నేను రెండేళ్ళ కిందట రంగు మానేశాను. మొదటి నాలుగు నెలలు ఫొటోల్లో వెనక వరసలో నిలబడ్డాను, ఆ తర్వాత అలవాటైపోయింది.

స్టిక్కర్ బొట్టు గురించి కూడా ఒక మాట. దాని జిగురు వల్ల కొందరికి బొట్టు చోట దురద వస్తుంది, ఒక్కోసారి తెల్ల మచ్చ కూడా పడుతుంది. అలా కనిపిస్తే స్టిక్కర్ ఆపేయండి.

బెంగళూరులో ఎండ ఉండదన్నారు. వేడి లేదనండి, ఒప్పుకుంటాను. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత కూడా పెరుగుతుంది, వెయ్యి మీటర్లకు సుమారు 10 శాతం చొప్పున. గాలి చల్లగా తగులుతుంటుంది కాబట్టి నీడకు పోవాలని మనకు తోచదు. మదనపల్లెలో ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం మీరు మిద్దె ఎక్కరు. ఇక్కడైతే పదకొండింటికి బట్టలు ఆరేసి, పక్కింటావిడతో అరగంట మాట్లాడి దిగుతారు. మబ్బు పట్టినా కిరణాల్లో చాలా భాగం కిందికి వస్తుంది. కిటికీ అద్దం పక్కన కూర్చున్నా ఆ కిరణాల్లో మచ్చలను ముదిరించే యూవీఏ రకం లోపలికి వస్తుంది.

కాబట్టి సన్‌స్క్రీన్ కావాలి. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 30 అని ఉంటే, చర్మాన్ని కమిలించే యూవీబీ రకం కిరణాల్లో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. తేడా అంతే. దానికోసం రెట్టింపు డబ్బు పెట్టక్కర్లేదు. యూవీఏను ఎంత ఆపుతుందో చెప్పేది పీఏ, డబ్బా మీద దాని తర్వాత మూడో నాలుగో ప్లస్ గుర్తులు ఉన్నాయో లేదో చూసుకోండి. మంగు ఉన్నవాళ్ళకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు రకం మంచిది. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది, ఆ రంగు దాన్ని అడ్డుకుంటుంది. పైగా మన ఛాయ మీద సున్నం కొట్టినట్టు కనిపించదు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ ఒకసారికి సరిపోతుంది. బొట్టంత తీసి ముఖమంతా సాగదీస్తే డబ్బా మీద రాసిన రక్షణ రాదు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. నిజం చెప్పాలంటే సగం రోజులు నేనూ మర్చిపోతాను, అందుకే గొడుగు వదలను. స్కూటీ నడిపితే ముంజేతులకు, వేళ్ళకు కూడా రాయండి. అయితే స్టెరాయిడ్ ఆపిన కొత్తలో ఏది రాసినా మండుతుంది. మండినన్నాళ్ళూ గొడుగు, కొంగుతోనే నెట్టుకురండి.

స్నానం దగ్గర మారాల్సినవి చాలా ఉన్నాయి. మీ వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో వాడతారు. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటోందా? ఆ ఉప్పు నీళ్ళలో సబ్బు సరిగ్గా వదలదు, దాని జిడ్డు చర్మం మీదే ఉండి లాగుతుంది. దానికి తోడు గీజర్ నుంచి పొగలు కక్కే నీళ్ళు. గోరువెచ్చగా పోసుకోండి, పది నిమిషాల్లో ముగించండి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. ముఖానికి నురగ రాని క్లెన్సర్ ఏదైనా సరే, వాసన లేనిది. తుడుచుకునేటప్పుడు రుద్దకుండా అద్దుకోండి, చర్మం తడి ఆరకముందే మూడు నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాయండి. గదిలోకి వచ్చి, చీర కట్టుకుని, అప్పుడు రాస్తే సగం ఫలితం పోయినట్టే. ఒంటికి కొబ్బరి నూనె బాగానే పనిచేస్తుంది, ఖరీదైన లోషన్ అక్కర్లేదు. ముఖానికి మాత్రం వద్దు, కొందరికి మొటిమలు వస్తాయి. సున్నిపిండితో రోజూ ముఖం రుద్దడం వల్ల మంగు ఇంకా ముదురుతుంది. దాన్ని పండగ పూట ఒంటికి ఉంచండి.

సీరమ్‌లు మీ అమ్మాయికి ఇచ్చేయండి. ముఖం కుదుటపడ్డాక, మూడు నాలుగు నెలల తర్వాత, ముడతలకూ మచ్చలకూ రెటినాల్ అనే విటమిన్ ఎ రకం క్రీము మొదలుపెట్టొచ్చు. శనగగింజంత, రాత్రిపూట, మూడు రోజులకోసారి. ఏడు నెలలుగా నెలసరి రాకపోయినా, 12 నెలలు నిండితేనే మెనోపాజ్ అంటాం, అప్పటిదాకా గర్భం వచ్చే అవకాశం పూర్తిగా పోదు. గర్భంలో రెటినాల్ పనికిరాదు కాబట్టి ఆ సంగతి తేల్చుకుని మొదలుపెట్టాలి. కొల్లాజెన్ పొడుల మీద పెట్టే డబ్బుతో గుడ్లు, పప్పు, పళ్ళు కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

కాళ్ళ దురద చాలావరకు పొడిదనమే. నెల రోజులు రాత్రి పడుకునే ముందు 10 శాతం యూరియా ఉన్న క్రీము రాసి చూడండి. చర్మం గోకి పుండైన చోట మాత్రం వద్దు, మండుతుంది. తగ్గకపోతే థైరాయిడ్, రక్తహీనత, షుగర్ పరీక్షలు చేయించండి, కిడ్నీ, లివర్ కూడా చూస్తే మంచిది. ఈ వయసులో దురద ఒక్కోసారి లోపలి జబ్బుకు కబురు.

మీరు రాయలేదు గానీ నేనే అడుగుతున్నాను. క్లినిక్‌లో అన్నీ చెప్పి, లేచి, తలుపు పిడి పట్టుకున్నాక వెనక్కి తిరిగి గొంతు తగ్గించి అడుగుతారు: "కింద కూడా దురదగా ఉంటోంది డాక్టర్." మెనోపాజ్‌లో అక్కడి చర్మమూ పొడిబారుతుంది, దానికి తేలికైన మందులున్నాయి. తెల్లగా మచ్చలు కడితే మాత్రం తప్పకుండా చూపించాలి. ఇంట్లో గజ్జి తామరకు తెచ్చిన ట్యూబు అక్కడ రాయొద్దు. ఒక రొమ్ము మొన మీద మాత్రమే తామరలా పొక్కులు లేచి మానకపోయినా, అరికాలిలోనో గోటి కిందనో కొత్తగా నల్లమచ్చ వచ్చి పెరుగుతున్నా, ఏ పుండైనా నెల దాటి మానకపోయినా ఆగొద్దు. 12 నెలలు ఆగిన తర్వాత మళ్ళీ రక్తం కనిపిస్తే గైనకాలజిస్టు దగ్గరకు అదే వారం వెళ్ళాలి.

ప్రైవేటు ఫీజు బరువనుకుంటే బౌరింగ్, విక్టోరియా ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంది. మీకు దూరమే, తీరిక చూసుకుని పొద్దున్నే వెళ్ళండి. తెలుగులో చెప్పినా అర్థం చేసుకునేవాళ్ళు దొరుకుతారు. ట్యూబు, జుట్టు రంగు డబ్బా, సీరమ్ సీసాలు అన్నీ ఒక కవర్లో వేసుకుని, ముఖానికి పౌడర్ రాసుకోకుండా వెళ్ళండి. ట్యూబు అయిపోయిందని పారేసి ఉంటే, దాని అట్టపెట్టె అయినా ఇంట్లో ఎక్కడుందో వెతకండి.

- చర్మవ్యాధుల నిపుణురాలు, బెంగళూరు